ఛాయాచిత్ర సుగ్రాహకాలు

ఛాయాచిత్రణలో వాడే గాజుపలక, ఫిల్ము, కాగితం వంటి వాటికి కాంతిని గ్రహించే గుణాన్ని ఇచ్చే రసాయన పదార్థాలను, ఉన్న గుణాన్ని పెంచే పదార్థాలను ఛాయాచిత్ర సుగ్రాహకాలు అంటారు. ఇవి ప్రధానంగా మూడు రకాలు. కాంతి తగిలినప్పుడు తామే మార్పు చెందేవి మొదటి రకం. వెండి లవణాలు, డైక్రోమేట్లు, కొన్ని ఇనుప లవణాలు ఇందులోకి వస్తాయి. వెండి లవణపు స్ఫటికం మీద అతి స్వల్పంగా చేరి దాని చురుకుదనాన్ని పెంచే గంధకం, బంగారం వంటివి రెండవ రకం. స్ఫటికం చూడలేని పసుపు, ఎరుపు కాంతులను దాని తరఫున గ్రహించి అందించే రంజకాలు మూడవ రకం. డిజిటల్ కెమెరాలు వచ్చాక వీటి వాడకం చాలా తగ్గింది. అయినా 1840ల నుండి దాదాపు 2000 వరకు తీసిన ఛాయాచిత్రాలన్నీ ఈ పదార్థాల చేతి చలువే. ఆ చిత్రాలను సరిగా చదవాలన్నా, భద్రపరచాలన్నా వీటి స్వభావం తెలిసి ఉండాలి.

వెండి లవణాలు

ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని కలిపితే తెల్లని పెరుగు తరకల వంటి అవక్షేపం ఏర్పడుతుంది. అది సిల్వర్ క్లోరైడు. పరీక్షనాళికను కిటికీ దగ్గర పెడితే కొద్దిసేపటికి ఊదారంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ విద్యార్థులు లవణ విశ్లేషణలో ఈ అవక్షేపాన్ని చూస్తారు గాని, ఛాయాచిత్రణ అంతా ఆ నాళికలోనే ఉందని మన ప్రయోగశాలల్లో చెప్పేవారు తక్కువ. ఓటు వేసినవారి ఎడమచేతి చూపుడువేలికి పూసే చెరగని సిరాలోనూ ఉన్నది సిల్వర్ నైట్రేటే. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుగు తగిలి, రోజుల తరబడి పోని నల్లమచ్చగా మారుతుంది. ఆ విధంగా ప్రతి ఎన్నికలోనూ కోట్లమంది వేళ్ళ మీద ఒక చిన్న ఛాయాచిత్ర చర్య జరుగుతున్నదనవచ్చు.

1777లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే, సిల్వర్ క్లోరైడు మీద వర్ణపటాన్ని పడనిచ్చి, ఊదారంగు కొసన అది త్వరగా నల్లబడుతుందని, ఎరుపు కొసన దాదాపు మార్పు లేదని గమనించాడు. ఈ చిన్న పరిశీలన వంద సంవత్సరాలపాటు ఛాయాచిత్రకారులను వేధించిన సమస్యకు మూలం. దాని సంగతి ముందు వస్తుంది.

1839లో డాగేర్ ప్రకటించిన పద్ధతిలో వెండి పూత గల రాగిరేకుకు అయోడిన్ ఆవిరి పట్టించి సిల్వర్ అయోడైడు పొరను ఏర్పరచేవారు. ఇంగ్లండులో టాల్బట్ అదే పనిని కాగితం మీద చేశాడు. 1851లో ఆర్చర్ ప్రవేశపెట్టిన తడి పలక పద్ధతిలో గాజుపలక మీద అయోడైడు కలిపిన కొలోడియన్ పోసి, చీకటి గుడారంలో సిల్వర్ నైట్రేట్ తొట్టెలో ముంచేవారు. ఈ ముంచడాన్నే సుగ్రాహ్యం చేయడం అనేవారు. పలక ఆరేలోగా చిత్రం తీయడం, కడగడం రెండూ పూర్తి కావాలి. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) తన తొలినాళ్ళలో పనిచేసింది ఈ పద్ధతిలోనే. ఎండవేళ దక్కను పీఠభూమి మీద, ఎడ్లబండి మీద గాజుపలకలు, ఆమ్లాలు, గుడారం, నీళ్ళ పీపాలు మోసుకుపోతూ తీసిన చిత్రాలవి. 1871లో మాడక్స్ సూచించిన జెలటిన్ పొడి పలక ఈ బాధను తప్పించింది. జెలటిన్‌లో సిల్వర్ బ్రోమైడు సూక్ష్మ స్ఫటికాలను చెదరగొట్టి పూసి ఆరబెడితే, పలకను నెలల తరబడి నిలవ ఉంచి వాడుకోవచ్చు. ఈ మిశ్రమాన్నే ఎమల్షన్ అంటారు.

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కళాకారుడు తీగగా సాగదీసే లోహాన్నే నత్రికామ్లంలో కరిగిస్తే సిల్వర్ నైట్రేట్ వస్తుంది. వెండి ధర పెరిగినప్పుడల్లా ఫిల్ము ధర పెరగడానికి కారణం ఇదే.

ఆవాల ఘాటు, జెలటిన్

జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుండి తీసిన ఒక రకం వజ్రం వంటి జిగురు. మొదట్లో దీనిని స్ఫటికాలను పట్టి ఉంచే పదార్థంగా మాత్రమే భావించారు. అయితే ఒకే సూత్రం ప్రకారం తయారు చేసినా, ఒక విడత జెలటిన్‌తో చురుకైన ఫిల్ము, మరొక విడతతో మందకొడి ఫిల్ము వచ్చేది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. కొడాక్ సంస్థ పరిశోధనశాలలో షెపర్డ్ దీనిని శోధించి 1925లో ఫలితాన్ని ప్రకటించాడు. చురుకైన జెలటిన్‌లో ఆవాలకు ఘాటునిచ్చే ఆలైల్ ఐసోథయోసయనేట్‌కు సంబంధించిన గంధక పదార్థాలు అతి స్వల్పంగా ఉన్నాయి. ఆవ జాతి మొక్కలను మేసిన పశువుల చర్మంలోకి అవి చేరి, అక్కడి నుండి జెలటిన్‌లోకి వస్తున్నాయి. ఆవకాయ కలిపేటప్పుడు కంట నీరు తెప్పించేదీ, ఫిల్ముకు కన్ను తెరిపించేదీ ఒకే కుటుంబపు పదార్థమన్నమాట.

వాటి పరిమాణం జెలటిన్ బరువులో లక్షకు ఒక భాగం కన్నా ఎక్కువ ఉండదు. అంత కొంచెం గంధకం స్ఫటికాల ఉపరితలం మీద అక్కడక్కడ సిల్వర్ సల్ఫైడు రేణువులను ఏర్పరుస్తుంది. ఇవే సుగ్రాహ్య బిందువులు. రహస్యం తెలిశాక తయారీదారులు పశువుల మేత మీద ఆధారపడడం మానివేశారు. జెలటిన్‌ను పూర్తిగా శుద్ధి చేసి, కొలత ప్రకారం గంధక సమ్మేళనాన్ని తామే కలపసాగారు. విశేషమేమిటంటే, ఇందుకు వాడే వాటిలో సోడియం థయోసల్ఫేట్ ఒకటి. మన స్టూడియోవారు హైపో అని పిలిచే పదార్థం ఇదే. చిత్రాన్ని కడిగేటప్పుడు లీటరుకు వందల గ్రాములు కలిపితే అది మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించి తొలగిస్తుంది. ఎమల్షన్ తయారీలో చిటికెడుకన్నా చాలా తక్కువ కలిపితే అదే వెండి లవణానికి చురుకుదనం ఇస్తుంది.

1936లో జర్మనీలోని ఆగ్ఫా సంస్థలో కోస్లోవ్‌స్కీ బంగారు లవణాన్ని గంధకంతోపాటు కలిపితే ఫిల్ము వేగం దాదాపు రెట్టింపు అవుతుందని కనుగొన్నాడు. ఆగ్ఫా ఈ సంగతిని చాలాకాలం గుట్టుగా ఉంచింది. ఈ రెండు పద్ధతులను కలిపి రసాయన సుగ్రాహ్యత అంటారు. కొద్దిపాటి క్షయకరణంతో స్ఫటికం మీద వెండి పరమాణువులను ముందే ఏర్పరచడం మూడవ పద్ధతి. హద్దు మీరితే చీకట్లో ఉన్న ఫిల్ము కూడా మసకబారుతుంది గనుక దీనిని జాగ్రత్తగా వాడతారు.

గుప్త బింబం

కెమెరాలో కాంతి తగిలిన ఫిల్మును బయటకు తీసి సూక్ష్మదర్శినిలో చూసినా ఏమీ కనపడదు. అయినా చిత్రం అందులో ఉంది. దీనిని గుప్త బింబం అంటారు. ఇది ఎలా ఏర్పడుతుందో 1938లో గర్నీ, మాట్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

కాంతి కణం ఒకటి స్ఫటికంలోని బ్రోమైడు అయాను నుండి ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. అది స్ఫటికంలో తిరుగాడి సుగ్రాహ్య బిందువు దగ్గర చిక్కుపడుతుంది. ఋణావేశం గల ఆ చోటికి ధనావేశం గల వెండి అయాను ఒకటి కదలి వచ్చి, ఎలక్ట్రాన్‌తో కలిసి వెండి పరమాణువు అవుతుంది. మరో కాంతి కణం, మరో ఎలక్ట్రాన్, మరో అయాను. ఒంటరి పరమాణువు నిలకడలేనిది, కొద్దిసేపటిలో విడిపోవచ్చు. ఇలా సుమారు నాలుగు పరమాణువులు ఒకేచోట చేరితే ఆ స్ఫటికం డెవలపర్‌కు లొంగుతుంది. అప్పుడు అందులోని వందకోట్ల స్థాయి వెండి అయాన్లన్నీ నల్లని లోహంగా మారతాయి. నాలుగు పరమాణువుల గుర్తును వందకోట్లకు పెంచే సాధనం మరొకటి దొరకకపోవడం వల్లనే వెండి అంత ఖరీదైనదైనా దానికి ప్రత్యామ్నాయం లేకపోయింది.

బిందువులు లేని స్ఫటికంలో ఎలక్ట్రాన్లు తలా ఒక చోట చిక్కుపడి వృథా అవుతాయి, లేదా తాము విడిచివచ్చిన ఖాళీలతోనే తిరిగి కలిసిపోతాయి. గంధకం, బంగారం చేసే పని ఎలక్ట్రాన్లకు ఒక కూడలి ఏర్పరచడమే. కాంతిని అవి అదనంగా గ్రహించవు. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. 1999లో ఫ్రాన్సులో బెల్లోనీ బృందం స్ఫటికంలో ఫార్మేట్ అయాన్లను చేర్చి, ఆ ఖాళీలను పూడ్చి, ఎలక్ట్రాన్ల వృథాను అరికట్టవచ్చని చూపింది. అప్పటికే డిజిటల్ కెమెరాలు బజారుకు వచ్చేశాయి.

రంజక సుగ్రాహకాలు

సిల్వర్ బ్రోమైడులో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సుమారు రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నీలి, ఊదా కాంతులకు ఆ శక్తి ఉంది. ఆకుపచ్చకు కొద్దిగా చాలదు, ఎరుపుకు అసలే చాలదు. అందువల్ల తొలికాలపు పలకలు లోకాన్ని నీలికంటితో మాత్రమే చూశాయి.

దీని పర్యవసానం పాత చిత్రాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. నీలాకాశం తెల్లకాగితంలా వచ్చేది, మబ్బులు కనపడేవి కావు. పసుపు రాసిన గడప నల్లగా, నుదుటి కుంకుమ కాటుకబొట్టులా వచ్చేవి. ఫాల్గుణ మాసంలో ఆదిలాబాద్ అడవులు మోదుగపూలతో ఎర్రబారి ఉంటాయి. అటువంటి చెట్టును ఆనాటి పలక మీద తీస్తే కొమ్మల నిండా నల్లని మచ్చలు తప్ప పూలు కనిపించవు.

ఇంతకన్నా ముఖ్యమైనది మనుషుల ఛాయ. గోధుమవన్నె చర్మం నుండి ఎరుపు, పసుపు కాంతులే ఎక్కువగా పరావర్తనం చెందుతాయి, నీలం తక్కువ. నీలికంటి పలక ఆ చర్మాన్ని ఉన్నదానికన్నా నల్లగా చూపుతుంది. 1868-75 మధ్య బ్రిటిషు ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన భారతదేశ ప్రజల చిత్రమాల ఇటువంటి పలకల కాలానిదే. జాతులను, కులాలను వాటి రూపురేఖలనుబట్టి వర్గీకరించే ప్రయత్నంలో భాగమది. రసాయనపు లోపాన్ని మనిషి లక్షణంగా చదివే ప్రమాదం అందులో ఉంది. 1900కు పూర్వపు చిత్రాన్ని చూసి ఒకరి మేనిఛాయను నిర్ణయించడం తగదు.

1873లో బెర్లిన్ ఆచార్యుడు హెర్మన్ ఫోగెల్ వర్ణపటాన్ని చిత్రిస్తూ, ఒక కంపెనీవారి పలకలు నీలంకన్నా ఆకుపచ్చకు ఎక్కువగా స్పందించడం చూశాడు. పలకను సారాయితో కడిగితే ఆ గుణం పోయింది. ఆరా తీస్తే, తయారీదారు వాటికి ఒక పసుపు రంగు కలిపినట్లు తేలింది. ఫోగెల్ తానే వేరు వేరు రంజకాలను కలిపి చూసి, ఏ రంజకం ఏ కాంతిని పీల్చుకుంటుందో ఆ కాంతికి పలక స్పందిస్తుందని నిరూపించాడు. సమకాలికులు చాలామంది ముందు నమ్మలేదు. 1880ల దశకంలో ఇయోసిన్ వంటి రంజకాలు కలిపిన పలకలు అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆకుపచ్చ, పసుపులను చూడగలవు, ఎరుపును చూడలేవు. వీటిని ఆర్థోక్రోమాటిక్ పలకలంటారు. డార్క్‌రూములో వెలిగే ఎర్రదీపం ఈ బలహీనత మీద ఆధారపడినదే. 1905లో జర్మనీలో హోమోల్కా పినాసయనాల్ అనే రంజకాన్ని కనుగొన్నాక ఎరుపు కూడా లొంగింది. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో అన్ని రంగులను చూడగల పాంక్రోమాటిక్ పలకలు బజారులోకి వచ్చాయి. వీటికి ఎర్రదీపం పనికిరాదు, కటిక చీకటిలోనే కడగాలి.

ఎరుపు కాంతికి చాలని శక్తి రంజకం ద్వారా ఎలా చాలుతున్నది? రంజకపు అణువులు స్ఫటికపు ఉపరితలాన్ని ఒకే వరుస మందంతో అంటిపెట్టుకుని ఉంటాయి. ఎరుపు కాంతిని పీల్చి ఉత్తేజితమైన రంజకపు ఎలక్ట్రాన్ స్థాయి, స్ఫటికంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే స్థాయికన్నా కొద్దిగా ఎత్తున ఉంటుంది. అందువల్ల అది అక్కడి నుండి స్ఫటికంలోకి జారిపోతుంది. బావి అడుగు నుండి నీరు తోడడానికి బదులు మధ్యనున్న మెట్టు మీది నుండి తోడినట్లు. బయలుదేరే చోటే ఎత్తున ఉంది గనుక తక్కువ శక్తి చాలుతుంది. అయితే రంజకం మోతాదు మించితే చురుకుదనం తగ్గుతుంది.

ఈ రంజకాలలో అధికభాగం సయనిన్ కుటుంబానికి చెందినవి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి వీటి తయారీ జర్మనీ చేతిలో ఉంది. విమానం నుండి శత్రు స్థావరాలను చిత్రించడానికి ఎర్రకాంతికి స్పందించే పలకలు కావాలి. పొగమంచును ఎర్రకాంతే మెరుగ్గా దాటుతుంది. దిగుమతులు ఆగిపోగా కేంబ్రిడ్జిలో పోప్, మిల్స్ ఆ రంజకాలను తయారు చేశారు. అక్కడే మిల్స్ దగ్గర పనిచేసిన ఫ్రాన్సెస్ హేమర్ తన జీవితమంతా సయనిన్లకే అంకితం చేసి, 1964లో వాటి మీద ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించింది. ఛాయాచిత్రణ చరిత్రలలో కెమెరా పట్టినవారికి దక్కిన స్థానంలో పదోవంతు కూడా ఈమెకు దక్కలేదు.

1940ల దశకంలో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో (ఇప్పటి కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా) ఉండి రాజగోండుల జీవితాన్ని అధ్యయనం చేశాడు. అప్పటికి పాంక్రోమాటిక్ ఫిల్ము సర్వసాధారణమైంది. ఆయన తీసిన చిత్రాలు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిని అర్ధ శతాబ్దానికి ముందరి చిత్రాలతో పక్కపక్కన పెట్టి పోల్చేవారు రెండు కాలాల పలకలకు గల ఈ భేదాన్ని ముందుగా తీసివేసి చూడాలి.

రంగుల ఫిల్ములో నీలం, ఆకుపచ్చ, ఎరుపులకు స్పందించే పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. రంజకం కలిపినా స్ఫటికానికి పుట్టుకతో వచ్చిన నీలి చూపు పోదు గనుక, పై పొర కింద పసుపు వడపోత ఒకటి పెట్టి నీలికాంతిని అక్కడే ఆపుతారు. ఎక్స్‌రే ఫిల్ములోనూ ఈ లెక్కే. ఫిల్మును వెలుగును వెదజల్లే రెండు తెరల మధ్య బిగిస్తారు. కాల్షియం టంగ్‌స్టేట్ తెర నీలంగా, గడోలినియం తెర ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆకుపచ్చ తెరకు రంజకం లేని ఫిల్మును జతచేస్తే చిత్రం పలచబడి, సరిపెట్టడానికి రోగికి ఎక్కువ కిరణాలు ఇవ్వవలసి వస్తుంది.

వెండి లేని సుగ్రాహకాలు

పొటాషియం డైక్రోమేట్‌కు కాంతి గ్రహించే గుణం ఉందని 1839లో పాంటన్ కనుగొన్నాడు. జెలటిన్‌లో గాని జిగురులో గాని దీనిని కలిపి ఎండకు చూపితే, వెలుగు తగిలినచోట జిగురు గట్టిపడి నీటికి కరగదు. స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇదే ఆధారం. పెళ్ళిపత్రికలు, చేతిసంచులు, బడి గుర్తులు అచ్చువేసే చిన్న దుకాణాలలో తెరగుడ్డకు ఈ నారింజరంగు ద్రావణాన్ని పూసి, పైన బొమ్మ పెట్టి ఎండలో ఉంచి, నల్లా నీటితో కడిగేవారు. ఆ నీరు మోరీలోకి పోయేది. ఇందులోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. చేతులకు మానని పుండ్లు చేస్తుంది. డైఅజో సుగ్రాహకాలు దొరుకుతున్నందున డైక్రోమేట్‌ను వాడవలసిన అవసరం లేదు. పాత దుకాణాలలో నారింజరంగు పలుకులు మిగిలి ఉంటే వాటిని మోరీలో పారబోయరాదు.

1842లో జాన్ హెర్షెల్ ఇనుప లవణాలతో నీలిముద్ర పద్ధతిని కనుగొన్నాడు. ఇంజనీర్ల బ్లూప్రింటుకు మూలమిది. విద్యార్థులు చేయదగిన ప్రయోగం కూడా ఇదే. 100 మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, మరో 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడు కరిగించాలి. మసక వెలుతురులో రెండింటిని సమానంగా కలిపి మందపు కాగితానికి పూసి చీకట్లో ఆరబెట్టాలి. దానిపై వేపరెమ్మ ఉంచి, గాజుపలకతో అదిమి, ఎండలో పది నిముషాలు పెట్టి నీటితో కడగాలి. నీలి నేపథ్యంలో తెల్లని వేపరెమ్మ మిగులుతుంది. ఫెర్రిసయనైడుకు ఆమ్లాలు తగలకుండా, దానిని వేడి చేయకుండా చూడాలి. చేతితొడుగులు తప్పనిసరి.

ఎండ, తేమ

హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వరంగ సంస్థను 1960లో ఊటీలో స్థాపించడానికి అక్కడి చల్లని, దుమ్ములేని వాతావరణం ఒక కారణం. 'ఇందు' పేరుతో ఫిల్ము, కాగితం తయారు చేసిన ఈ సంస్థను 1996లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. తరువాత మూతపడింది. డెవలపర్‌కు అనువైన ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, నల్లా నీరే గోరువెచ్చగా వస్తుంది. ఆ వేడికి జెలటిన్ ఉబ్బి, చిత్రం పలక నుండి ఊడి వచ్చేది. అందుకే చుట్టూ మంచుగడ్డలు పేర్చడం, హైపోలో పటిక కలిపి జెలటిన్‌ను గట్టిపరచడం చేసేవారు. ఈ సంగతులు ఇప్పుడు వృద్ధులైన స్టూడియోవారి నోట తప్ప ఎక్కడా లేవు, ఎవరైనా రాసిపెడితే బాగుండును.

నెగెటివ్‌లో హైపో సరిగా కడగకపోతే మిగిలిన గంధకం ఏళ్ళ తరువాత వెండిని సిల్వర్ సల్ఫైడుగా మార్చి పసుపు మచ్చలు తెస్తుంది. స్ఫటికానికి చూపునిచ్చిన సిల్వర్ సల్ఫైడే చివరకు చిత్రాన్ని తినివేస్తుంది. వానకాలపు తేమలో జెలటిన్ మీద బూజు పడుతుంది. స్టూడియోలు మూసేటప్పుడు గాజు నెగెటివ్‌లను చెత్తలో కలపకుండా, ప్లాస్టిక్ సంచులు కాక ఆమ్లరహిత కాగితపు కవర్లలో నిలువుగా పేర్చి, పొడిగా, చల్లగా ఉన్నచోట ఉంచాలి. తడి గుడ్డతో ఎమల్షన్ వైపు తుడవరాదు. ఏది ఎమల్షన్ వైపో తెలియకపోతే వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి, మెరుపు తక్కువగా ఉన్నది ఎమల్షన్ వైపు. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి.